బ్రాసు వీపు మీద బొట్టు

ఖరగ్‌పూర్ కార్ఖానాలో మరమ్మతు పూర్తయిన ఇంజిను ట్రయల్‌కి బయలుదేరడాన్ని తెలుగు ఫిట్టర్లు అంపకం అనేవారు. పెళ్ళయిన పిల్లను అత్తవారింటికి సాగనంపే మాట అది. ఎవరి నోట మొదలైందో గాని బెంగాలీ మేస్త్రీలకు కూడా అలవాటైపోయింది. "తవిట్‌దా, తోమార్ అంపకం కబే?" అని అడిగేవారు, నీ అంపకం ఎప్పుడని. తవిటయ్య ఒక రోజు చెప్పేవాడు. చెప్పిన రోజుకు ఇంజిను షెడ్డు దాటేది.

మరడాన తవిటయ్య ఇరుసుల ఫిట్టరు. తండ్రి టెక్కలి దగ్గర పల్లె నుంచి వచ్చి ఇదే కార్ఖానాలో కలాసీగా బరువులు మోసి పోయాడు. తవిటయ్య మథురాకాటి రైల్వే క్వార్టర్లలో పుట్టాడు. బడి గంట కన్నా ముందు కార్ఖానా సైరన్ తెలిసినవాడు. పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెద్దవాళ్ళ పక్కన దీపం పట్టుకుని నిలబడి, వాళ్ళ చేతులు చూసి నేర్చుకున్నాడు.

యాభైల్లో పని తీరు వేరు. ఇంజిను మరమ్మతు గుంత మీదకు వచ్చిందంటే ఒకే ముఠా దాన్ని విప్పేది, ఆ ముఠాయే తిరిగి బిగించేది. బాయిలరు ఒక్కటీ వేరే షెడ్డుకు పోయి వచ్చేది. చక్రాలు, రాడ్లు, ఇరుసులు, వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండరు, అన్నీ ఆ కొద్దిమంది చేతుల మీదుగానే సాగేవి. నెలల తరబడి ఒకే ఇంజిను పక్కన అన్నం తిని, దాని నీడలో కాసేపు నడుం వాల్చి, దాని మసే ఇంటికి మోసుకుపోయేవాళ్ళు.

తవిటయ్య చేసేది చూడటానికి చిన్న పని. బండి బరువంతా ఇరుసు మెడ మీద కూర్చున్న ఒక కంచు దిమ్మ మీద పడుతుంది. దాన్ని బ్రాసు అంటారు. దాని లోపలి వంపుకు మెత్తని తెల్ల లోహం పూత ఉంటుంది. ఆ వంపు ఇరుసు మెడకు అంతటా సమంగా ఆనాలి. ఒక్కచోటే ఆనితే అక్కడ నూనె నిలవదు, కాలిపోతుంది. సమంగా ఆనిందో లేదో కంటికి తెలియదు. అందుకని సింధూరాన్ని, అంటే కార్ఖానాలో వాడే ఎర్రసీసపు పొడిని, నూనెలో కలిపి ఇరుసు మెడకు పల్చగా రాస్తారు. బ్రాసును దాని మీద పెట్టి అటూ ఇటూ ఆడించి ఎత్తితే, మెరక ఉన్నచోట ఎరుపు అంటుకుంటుంది. అక్కడ స్క్రేపరుతో పొట్టులా గీకాలి. మళ్ళీ రాయాలి, మళ్ళీ పెట్టాలి, మళ్ళీ ఎత్తి చూడాలి. ఎరుపు అంతటా సన్నగా చల్లినట్టు పడేదాకా అదే పని. తవిటయ్య అక్కడితో ఆగేవాడు కాదు. బ్రాసును తిరగేసి, దాని వీపు కూడా ఇరుసు చివరను కప్పి ఉంచే ఇనప పెట్టెలో సరిగా కూర్చుంటోందా అని చూసి, శుభ్రంగా తుడిచి, అరచేతితో ఒకసారి నిమిరి, అప్పుడు లోపల పెట్టేవాడు.

అంపకం రోజున డబ్బా అడుగున మిగిలిన సింధూరం వేలికి తీసుకుని, టెండరు ఇరుసు పెట్టెల మూతలకు ఒక్కొక్క బొట్టు పెట్టేవాడు.

"ఇంతమంది ఆడపిల్లల్ని ఎప్పుడు కన్నావు బావా?" అనేవాడు తిమోతి. తిమోతి కూడా ఆ ముఠాలోనే ఫిట్టరు. ఇద్దరూ ఒకే క్వార్టర్ల వరసలో పెరిగారు. చుట్టరికం లేదు, మతం వేరు, పిలుపు మాత్రం చిన్నప్పటినుంచీ బావే.

"నీకు కుళ్ళు. మీ ఇంట బొట్టు లేదు కదా."

"మా ఇంట లేదు గానీ, ఈ నల్లపిల్ల మా ఇంటిది కాదు కదా. ఎట్టు, ఎట్టు. ఆ సివర మూత బోసిగా ఉంది."

ట్రయల్‌కి ఇంజిను దగ్గర్లోని బేనాపూర్ స్టేషను దాకా వెళ్ళి తిరిగి వచ్చేది. ముఠావాళ్ళు దాని మీదే వెళ్ళేవారు. బేనాపూర్‌లో బండి ఆగగానే తవిటయ్య దూకి, ఒక్కొక్క ఇరుసు పెట్టె మీద చెయ్యి తిరగేసి, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు చూసేవాడు. తిరుగుదారిలో క్వార్టర్ల దగ్గరకు వచ్చేసరికి డ్రైవరు ఒక పొడుగాటి కూత వేసేవాడు. అది రూలు కాదు, మర్యాద. ఆ కూత విని అతని భార్య అప్పలనర్సమ్మ బియ్యం కడిగేది. పక్కింటి ఆడవాళ్ళు గోడ మీంచి, "మీ ఆయన ఇంజినొచ్చినాదే," అనేవారు. ఆ తరువాత కొన్నేళ్ళపాటు ఆ ఇంజిను ఏ బండి లాగుతున్నా, ఆ వీధిలో అది తవిటయ్య ఇంజినే.

తిమోతి తమ్ముడు లూకా ఇంజినులో బొగ్గు వేసే ఫైర్‌మన్. డ్యూటీ దిగి వచ్చి, "బావా, నీ పిల్ల నిన్న టాటానగర్ దాకా ఎల్లినాది. సల్లగా ఉంది," అని కబురు చెప్పేవాడు. పుట్టింటికి కబురు మోసేవాడిలా నవ్వుతూ చెప్పేవాడు. తవిటయ్య ఆ రోజు భోజనంలో ఒక ముద్ద ఎక్కువ తినేవాడు.

అరవైల మొదట్లో ప్లానింగ్ ఆఫీసు పెట్టారు. అందులో శంకరనారాయణ అనే తెలుగాయన చేరాడు. చేతిలో గడియారం పట్టుకుని బెంచీల పక్కన నిలబడి, ఏ పనికి ఎంత సేపు పడుతోందో రాసుకునేవాడు. గొంతు పెంచి మాట్లాడడు. కలాసీని కూడా మీరు అంటాడు. ఒకరోజు తవిటయ్యను పిలిపించాడు.

"యార్డులో ఎన్ని ఇంజిన్లు మరమ్మతు కోసం తుప్పు పడుతున్నాయో చూశారా తవిటయ్యా?"

"సూసినాను బాబూ."

"ఒక్కొక్క ముఠా ఒక్కొక్క ఇంజిను పట్టుకు కూర్చుంటే అవెప్పటికి కదులుతాయి? మీ చెయ్యి బ్రాసులకు తయారైన చెయ్యి. ఆ చేత్తో బోల్టులు విప్పించడం, రాడ్లు మోయించడం దండగ కదా. ఇకనుంచి మీరు బెంచి దగ్గరే ఉండండి. బ్రాసులు ట్రాలీ మీద మీ దగ్గరికే వస్తాయి. కొలతకు చేసిన నకలు ఇరుసు ఒకటి బెంచికి బిగిస్తాం, దాని మీద సరిచూసి గీకండి. మళ్ళీ ట్రాలీ ఎక్కించండి."

"ఎక్కిత్తే?"

"పక్క షెడ్డులో తిమోతి వాటిని పెట్టెల్లో కూర్చోబెడతారు. మూతలు ఇంకొకరు. నూనె ఇంకొకరు. ఎక్కువ చేస్తే బోనసు కూడా ఉంది."

"మరి ట్రయలు?"

"దానికి వేరే ముఠా వేస్తున్నాం. ఎండలో వానలో తిరిగే బాధ మీకు ఉండదు."

తవిటయ్య టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మిగతాదంతా మీరు సెప్పినట్టే సేత్తాను బాబూ. ట్రయలుకి మాత్రం నన్ను ఎల్లనియ్యండి."

"మీరు వెళ్ళిన పూట బెంచి ఎవరు చూస్తారు? మీ వెనక షెడ్డంతా ఆగిపోతుంది." ఆ మాట ఆయన ప్రేమగానే అన్నాడు. అందులో అబద్ధమూ లేదు. తవిటయ్య టోపీ పెట్టుకుని బెంచి దగ్గరికి వెళ్ళాడు.

ఆ పద్ధతి పనిచేసింది. ఆ సంగతి ఒప్పుకోవాలి. యార్డులో తుప్పు పట్టిన ఇంజిన్లు ఒక్కొక్కటే కదిలాయి. జీతాలు పెరిగాయి. అప్పలనర్సమ్మ గోల్‌బజారులో ఇత్తడి బిందె కొనుక్కుంది. తవిటయ్య బెంచి దగ్గర బ్రాసులు వచ్చేవి, పోయేవి. ఏ ఇంజినువో ట్రాలీ తోసేవాడికి కూడా తెలియదు. పనిలో కష్టం తగ్గింది, నడుం నొప్పి తగ్గింది. ఇంటికి వచ్చేసరికి మాత్రం మునుపు లేని అలుపు.

ఒక సాయంత్రం ట్రయల్ బండి క్వార్టర్ల పక్కనుంచి పోతూ కూత వేసింది. పాత డ్రైవరెవరో అలవాటు కొద్దీ వేసి ఉంటాడు. అప్పలనర్సమ్మ చేట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. తవిటయ్య ఇంట్లోనే, బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఇది నీదేనేటి?"

"ఏమో."

"ఏమో ఏటి? నువ్వు సేసినావో లేదో నీకు తెలదా?"

"సేసే ఉంటాను. అందులో ఏదో ముక్క."

ఆమె చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

తన చేతిలో వచ్చిన మార్పు తవిటయ్యకే ముందు తెలిసింది. మునుపు ఎరుపు సమంగా పడ్డాక కూడా ఇంకొక్కసారి గీకి చూసేవాడు. ఎవరూ అడగని ఆ ఒక్కసారి ఇప్పుడు పోయింది. ఇన్‌స్పెక్టరు పాసు చేసేచోట చెయ్యి దానంతట అదే ఆగుతోంది. పాసయిన బ్రాసును ట్రాలీ మీద పడేసి గోడ గడియారం చూస్తున్నాడు. తాను గడియారం చూసే మనిషినయ్యానని తెలిసిన రోజున స్క్రేపరు కింద పెట్టి చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

ఒకరోజు టిఫిను వేళ అన్నం గిన్నె అలాగే వదిలి, యార్డులో ట్రయల్‌కి నిలబెట్టిన ఇంజిను దగ్గరికి వెళ్ళాడు. టెండరు ఇరుసు పెట్టె మూత ఎత్తి లోపలికి తొంగి చూశాడు. తన బ్రాసును తాను గుర్తుపట్టగలనని అతని నమ్మకం. నూనెలో మునిగిన దూది, దాని పైన ఇరుసు మెడ, చీకటి. ట్రయల్ ముఠాలో ఒకడు చూసి కేకేశాడు. "ఏ దాదా, తుమ్హారా కామ్ ఇధర్ క్యా హై?" నీ పని ఇక్కడేమిటని. తవిటయ్య మూత దించి వచ్చేశాడు.

తిమోతికి ఈ సంగతి తెలిసి నవ్వాడు. "నీ బ్రాసుల్ని నువ్వు పోల్చలేవు బావా. అందరి పిల్లల మొహాలూ ఒకలాగే ఉంటాయి. గుర్తెట్టుకుని పంపాలి."

హాస్యానికి అన్న మాట. తవిటయ్య మనసులో అది దిగిపోయింది. మర్నాడు పాసయిన బ్రాసును ట్రాలీ ఎక్కించబోతూ ఆగి, తిరగేసి, దాని వీపు మధ్యలో వేలితో సింధూరం తీసి బొట్టు పెట్టాడు. మూత అతని చేతికి రాదు. లోపలి వంపు మీద పెట్టకూడదు, అది నడిచే చోటు. మిగిలింది వీపే. వీపు సరిగా కూర్చుందో లేదో చూడటం ఇప్పుడు అతని పని కాదు, కాబట్టి ఆ బొట్టు ఎక్కడ కూర్చుంటుందన్న ఆలోచనే అతనికి రాలేదు. ముఠాలో పనిచేసే రోజుల్లో అయితే చెయ్యి దానంతట అదే అక్కడికి పోయి తుడిచేది.

ఆ రోజు నుంచి పని మారింది. అడగని ఆ ఒక్కసారి గీకడం తిరిగి వచ్చింది. గడియారం చూడటం మానేశాడు. ఒక్కొక్క దాన్ని బొట్టు పెట్టి పంపేటప్పుడు, ఎక్కడికో తెలియకపోయినా, ఎవరింటికో పంపుతున్నట్టు ఉండేది. పచ్చి బొట్టు బరువు కింద నలిగి పల్చబడిపోయేది. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. కొన్ని నెలలు అలా సాగింది. ఇంట్లో కూడా మాట కలిపాడు. అప్పలనర్సమ్మ కారణం అడగలేదు గాని, ఒక పూట నవ్వుతూ చేపల పులుసు పెట్టింది.

ఆ ఏడు విశ్వకర్మ పూజకు కార్ఖానా అంతా రంగు కాగితాలు కట్టారు. బెంచీలు కడిగారు, పనిముట్లకు పూలు పెట్టారు. పూజకు ముందు సాయంత్రం తవిటయ్య దగ్గర ఒక ట్రాలీ బ్రాసులు తయారయ్యాయి. పండగ కదా అని బొట్లు కాస్త పెద్దవి పెట్టాడు. డబ్బా అడుగున సింధూరం చిక్కగా, గసిగా ఉంది. దాన్నే ఉండలా తీసి పెట్టాడు. పూజ సెలవు, దాని వెనకే ఆదివారం. ట్రాలీ రేకుల షెడ్డు కింద, ఆశ్వయుజానికి ముందుండే ఆ ఎండ వేడిలో అలాగే నిలబడిపోయింది. సింధూరం నూనెలో కలిసి ఆరితే రాయి అవుతుందని తవిటయ్యకు తెలియనిది కాదు. పైపుల జాయింట్లకు పూసేది అందుకే.

సెలవులయ్యాక ఆ బ్రాసులు పెట్టెల్లోకి వెళ్ళాయి. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, బండి లాగుతున్న ఇంజిను టెండరు కింద పొగ లేస్తోందని సిగ్నల్ కేబిన్ మనిషి జెండా ఊపి ఆపించాడు. ఫైర్‌మన్ దిగి ఇరుసు పెట్టె మూత తెరిచాడు. లోపల కాగుతున్న నూనెకు గాలి తగిలి మంట భగ్గున లేచింది. అతని కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. ఆ ఫైర్‌మన్ లూకా.

ఇంజినును వేరే ఇంజినుతో ఈడ్చుకొచ్చారు. పెట్టె విప్పినప్పుడు తిమోతి అక్కడే ఉన్నాడు. విచారణకు వచ్చినవాళ్ళు చూసి పోయాక, విప్పిన బ్రాసు తీసుకుని తవిటయ్య బెంచి దగ్గరికి వచ్చాడు. వస్తూనే అలవాటైన వేళాకోళం ఏదీ ఆడలేదు. బ్రాసును బెంచి మీద బోర్లించి పెట్టాడు. లోపలి తెల్ల లోహం కరిగి కారిపోయింది. వీపు మీద, మధ్యలో, కాలి నల్లబడిన చుక్క గట్టిగా లేచి ఉంది. దానికి అటూ ఇటూ కంచు మీద మెరుగు. బ్రాసు ఆ చుక్క మీద ఇటూ అటూ ఊగుతూ తిరిగిన గుర్తు.

"ఈ సుక్క ఏటి బావా?"

తవిటయ్య దాని మీద వేలు పెట్టాడు. గోటితో గీకాడు. రాలేదు.

"ఇన్నాళ్ళూ పాసు గుర్తనుకున్నాను," అన్నాడు తిమోతి. "పాసయినవాటికి బెంచికాడ పెడతన్నారనుకున్నాను."

"బొట్టు."

"ఏటి?"

"బొట్టెట్టినాను తిమోతీ. నువ్వే సెప్పినావు కదా, గుర్తెట్టుకోమని."

తిమోతి స్టూలు మీద కూర్చున్నాడు.

"కూకోబెట్టినప్పుడు ఊగలేదేటి?" అని తవిటయ్య అడిగాడు. నింద లేదు ఆ గొంతులో. ఫిట్టరు ఫిట్టరును అడిగినట్టు అడిగాడు.

"ఊగినాది." తిమోతి నేల చూశాడు. "ఊగితే వెనక్కి పంపాల. పంపితే నా ఎనక నలుగురు ఖాళీగా కూకోవాల. తుడుపుకి నాకు టైమియ్యలేదు. బరువు పడితే అదే సర్దుకుంటాదిలే అనుకున్నాను. ఆ బండి మీద మావోడుంటాడని నాకెవుడు సెప్పినాడు బావా? అది ఏ బండో ఎవుడు సెప్పినాడు?"

ఇద్దరి మధ్యా ఆ బ్రాసు అలాగే ఉంది. పక్క బెంచి వాళ్ళ చప్పుడు ఆగకుండా సాగుతూనే ఉంది.

మర్నాడు తవిటయ్య శంకరనారాయణ గదికి వెళ్ళాడు. ఏమీ దాచలేదు. బొట్టు సంగతి, పండగ సంగతి, గట్టిపడిన సింధూరం సంగతి అంతా చెప్పాడు. శంకరనారాయణ పెన్ను మూత పెట్టి, మాట మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"ఎందుకు పెట్టారు తవిటయ్యా?"

"ట్రయలుకి ఎల్లనియ్యలేదు కదండి," అన్నాడు తవిటయ్య.

ఆయనకు ఆ మాట అర్థమైంది. "విచారణ అయిపోయింది. దూది ఎండిపోయి నూనె అందలేదని తేల్చారు. ఎవరి తప్పూ కాదన్నారు."

"నా తప్పండి. నా పేరు రాయండి."

"ఎలా రాయను? ఆ బ్రాసు ఎన్నో చేతులు మారింది. మీ పేరు రాస్తే, ఊగుతున్నదాన్ని ఎందుకు పెట్టావని తిమోతిని అడుగుతారు. తుడిచే టైము ఎందుకు ఇవ్వలేదని నన్ను అడుగుతారు. నన్ను అడగనివ్వండి, నాకు పరవాలేదు. కాని ముందు పోయేది మీ ఇద్దరి ఉద్యోగాలు." పెన్ను మూత తీసి, "రేపటినుంచి తుడుపుకు టైము కలుపుతాను. ఆ ఒక్కటి చెయ్యగలను," అన్నాడు.

"మంచి పని సేసినన్నాళ్ళూ ఇది నీదని ఎవులూ అనలేదు బాబూ. సెడిపోయిందైనా నాదనండి."

తవిటయ్య దండం పెట్టి బయటికి వచ్చాడు. చెప్పిన మాట ప్రకారం శంకరనారాయణ తుడుపుకు టైము కలిపాడు. ఆ తరువాత ఆ షెడ్డు నుంచి వెళ్ళిన ఏ బ్రాసూ అలా కాలలేదు.

ఆసుపత్రి నుంచి లూకా ఇంటికి వచ్చాక తవిటయ్య వెళ్ళాడు. లూకా కుడిచేతి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుని, గుప్పిట మూసినట్టే ఉండిపోయాయి. బొగ్గు పార పట్టుకోలేడు. ఇకమీదట లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర లైట్ డ్యూటీ ఇస్తారని చెప్పారట. తవిటయ్య చెప్పేదంతా అతను గోడకానుకుని విన్నాడు.

"మంచికే ఎట్టినావు కదా బావా," అన్నాడు చివరికి.

తిట్టినా బాగుండేది. లూకా భార్య అన్నమ్మ లోపలినుంచి విన్నది. అంతవరకూ ఆమె అతన్ని అన్నయ్యా అని పిలిచేది. ఆ రోజు టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టి, ఏమీ పిలవకుండా వెళ్ళిపోయింది. ఆ తరువాత కూడా టీ ఎప్పుడూ ఇచ్చింది. ఆ పిలుపు మాత్రం మళ్ళీ రాలేదు.

తిమోతి కూడా మారిపోయాడు. పోట్లాట లేదు. ఎదురైతే తల ఊపేవాడు. నలుగురిలో అతను వేసే వేళాకోళం తవిటయ్య దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయేది. కొన్నాళ్ళకు అడిగి మరీ ట్రయల్ ముఠాకు బదిలీ చేయించుకున్నాడు. పెట్టెల్లో బ్రాసులు కూర్చోబెట్టే పని ఇక తనవల్ల కాదన్నాడట.

తవిటయ్య బెంచి దగ్గరే మిగిలాడు. తప్పు లేకుండా చేశాడు. పాసయ్యేచోట ఆపాడు, వీపు తుడిచాడు, ట్రాలీ ఎక్కించాడు. బోనసు తెచ్చి ఇంట్లో ఇచ్చాడు. ఆదివారాలు తవిటయ్య వెళ్ళి లూకా గేటు దగ్గర కూర్చునేవాడు. బండి వస్తే గేటు చక్రం తిప్పడానికి రెండో చెయ్యి తవిటయ్యదే. బండ్లు పోతుండేవి. రాను రాను వాటిలో డీజిల్ ఇంజిన్లు ఎక్కువయ్యాయి. వాటికి బ్రాసులు లేవు, స్క్రేపరు పనీ లేదు. ఆవిరి ఇంజిను వచ్చినప్పుడు మాత్రం లూకా అటు చూసేవాడు, తవిటయ్య నేల చూసేవాడు.

డెబ్భైల మొదట్లో తవిటయ్యకు రిటైర్మెంటు వచ్చింది. ఊళ్ళోనే ఝపటాపూర్‌లో రెండు గదుల ఇల్లు అద్దెకు చూసుకున్నారు. క్వార్టరు ఇంకా ఖాళీ చేయలేదు. ఆఖరి రోజున షెడ్డులో పూలదండ వేశారు, రసగుల్లాలు పంచారు. శంకరనారాయణ అప్పటికి జుట్టు నెరిసి పెద్ద ఆఫీసరయ్యాడు. అయినా వచ్చాడు. దండ వేసి, చెవి దగ్గర, "ఇవాళ ట్రయల్ ఉంది. మీరు వెళ్ళండి. బెంచి సంగతి ఇవాళ ఎవరూ అడగరు," అన్నాడు.

ఎన్నో ఏళ్ళ కిందట అడిగిన కోరిక. ఇవ్వడానికి ఏ అడ్డూ లేని రోజున వచ్చింది.

దండ తీసి బెంచి మీద పెట్టి తవిటయ్య యార్డుకు నడిచాడు. ఇంజిను ఊపిరి వదులుతూ నిలబడి ఉంది. టెండరు పక్కన తిమోతి ఉన్నాడు. ఇద్దరి తలలూ తెల్లబడ్డాయి. తిమోతి అతని చెయ్యి పట్టి పైకి ఎక్కించాడు.

బేనాపూర్‌లో బండి ఆగింది. తవిటయ్య ఇప్పుడు దూకలేడు. మెట్లు పట్టుకుని దిగాడు. ఒక్కొక్క ఇరుసు పెట్టె దగ్గర ఆగి, చెయ్యి తిరగేసి పెట్టి చూశాడు. చల్లగా ఉన్నాయి. లోపల ఉన్నవి తాను గీకినవో, ఇంకెవరు గీకినవో తెలియదు. తెలుసుకునే దారీ లేదు. చివరి పెట్టె మీద చెయ్యి కాసేపు అలాగే ఉంచాడు.

తిమోతి వెనకనుంచి వచ్చి చిన్న డబ్బా మూత చాపాడు. అందులో నూనెలో కలిపిన సింధూరం. ఎక్కడ దొరికిందో, ఎప్పుడు కలిపి తెచ్చాడో.

"ఎట్టు బావా. మూతల మీదే కదా. మూత మీద తప్పు లేదు."

తవిటయ్య వేలు ముంచాడు. వేలు ఎర్రబడింది. మూత దగ్గరికి తీసుకెళ్ళి, ఆనించకుండా ఆగిపోయాడు. తరువాత చొక్కా జేబులోంచి గుడ్డ తీసి వేలు తుడుచుకున్నాడు. గోరు సందులో మిగిలింది కూడా వదలకుండా తుడిచాడు. అదే గుడ్డతో వంగి ఆ పెట్టె మూత తుడిచాడు. దాని మీద మసి తప్ప ఏమీ లేదు. అయినా తుడిచాడు. పక్క పెట్టె దగ్గరికి వెళ్ళి దాన్నీ తుడిచాడు. డ్రైవరు బండి కదిలించాలని పైనుంచి చూస్తున్నాడు. తిమోతి చెయ్యెత్తి అతన్ని ఆగమన్నాడు. ఆఖరి మూత అయ్యేదాకా ఎవరూ కూత వేయలేదు.

తిరుగుదారిలో క్వార్టర్లు వచ్చేసరికి తిమోతి లేచి కూత తాడు తానే అందుకున్నాడు. పొడుగాటి కూత.

తవిటయ్య ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. అప్పలనర్సమ్మ బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. ఇది నీదేనేటి అని చాలా ఏళ్ళ కిందట అడగడం మానేసిన ప్రశ్న ఆమె కళ్ళలోనే ఉంది.

అతను కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. సబ్బు పెట్టి, ఆ వేలు మళ్ళీ మళ్ళీ కడిగాడు. తువ్వాలు భుజాన వేసుకుని చెప్పులు తొడిగాడు.

"అన్నం ఉండనీ," అన్నాడు. "లూకాకి సాయంత్రం బండి ఉంది. గేటు తిప్పి వచ్చేత్తాను."